గౌరవానికీ గీటురాయి కావాలి

అమెరికాలో చదువుతున్న కొడుకో కూతురో ఇంటికి ఫోను చేసి, "నాన్నా, మా యూనివర్సిటీలో నన్ను ఆనర్ సొసైటీకి ఎంపిక చేశారు, చేరాలంటే డబ్బు కట్టాలట" అని చెప్పినప్పుడు పల్లెటూళ్ళో ఉన్న తల్లిదండ్రులకు రెండు సందేహాలు కలగడం సహజం. ప్రతిభను గుర్తించి ఎంపిక చేసినవారు మళ్ళీ డబ్బెందుకు అడుగుతారన్నది మొదటిది. కట్టకపోతే బిడ్డ భవిష్యత్తుకు ఏమైనా లోటు వస్తుందేమోనన్నది రెండవది. జవాబు తెలియక కొందరు వెంటనే డబ్బు పంపుతారు. మరికొందరు అదంతా మోసమని కొట్టిపారేస్తారు. మొదటివారు వట్టి కాగితాన్ని కొనుక్కునే ప్రమాదముంది. రెండవవారు కష్టపడి సంపాదించుకున్న నిజమైన గౌరవాన్ని చేజేతులా వదులుకునే ప్రమాదముంది.

అమెరికాలో బిడ్డలున్న ఇళ్ళు కృష్ణా జిల్లా పల్లెలకు కొత్త కాదు. 2023-24 విద్యా సంవత్సరంలో ఆ దేశంలో ఉన్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. వారిలో 1,96,567 మంది ఎం.ఎస్., పిహెచ్.డి. వంటి పై చదువులు చదివేవారే. ఈ విద్యార్థులలో తెలుగువారి వంతు పెద్దదన్నది అందరికీ తెలిసిన విషయమే. వారి చదువు వెనుక బ్యాంకు అప్పు ఉంటుంది, తాకట్టులో పొలం పత్రాలుంటాయి, అమ్మ మెడలోని నగలుంటాయి. అంత ఖర్చు పెట్టి పంపిన బిడ్డకు వచ్చిన గౌరవం అసలుదో నకిలీదో తెలుసుకోవలసిన అవసరం ఆ కుటుంబాలకు ఉంది.

ఆనర్ సొసైటీ అంటే చదువులో ముందున్న విద్యార్థులను ఎంచి సభ్యులుగా చేర్చుకునే ప్రతిభా సంఘం. ఈ సంప్రదాయానికి సుమారు రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 1776లోనే, డిసెంబరు 5వ తేదీన, వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో అయిదుగురు విద్యార్థులు కలిసి ఫై బీటా కాపా అనే సంఘాన్ని స్థాపించారు. ఈ పేరు మూడు గ్రీకు అక్షరాల కూర్పు. జ్ఞానాన్ని ప్రేమించడమే జీవితానికి చుక్కాని అని అర్థమిచ్చే గ్రీకు వాక్యంలోని మాటల మొదటి అక్షరాలవి. తరువాత పుట్టిన సంఘాలలో చాలావాటికి గ్రీకు అక్షరాల పేర్లే ఉండటానికి కారణమిదే. స్వాతంత్ర్య యుద్ధం వల్ల 1781లో ఆ కళాశాలలోని మూల సంఘం మూతపడింది. అయితే యేల్, హార్వర్డ్ విద్యాలయాలలో శాఖలు మొలకెత్తినందువల్ల సంఘం బతికి బట్టకట్టింది.

ఆరంభంలో అది రహస్య సంఘం. 1831లో హార్వర్డ్ శాఖ రహస్యపు కట్టుబాట్లను విడిచిపెట్టింది. మొదట్లో మగవారికీ, తెల్లవారికీ మాత్రమే అందులో చోటుండేది. 1875లో వెర్మాంట్ విశ్వవిద్యాలయ శాఖ ఇద్దరు స్త్రీలను సభ్యులుగా ఎన్నుకున్నది. 1877లో అదే శాఖ జార్జి వాషింగ్టన్ హెండర్సన్ అనే నల్లజాతి విద్యార్థిని ఎన్నుకున్నది. ఆయన బానిసగా పుట్టినవాడు. బానిసగా పుట్టినవాడు చదువులో యజమానుల బిడ్డల సరసన నిలబడితే ఆ సంగతిని ఒక సంఘం నలుగురిలో ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అలా అని ఆ వెంటనే అన్ని తలుపులూ తెరుచుకోలేదు. ఇంజనీరింగు విద్యార్థుల సంఘమైన టౌ బీటా పై స్త్రీలకు 1969 దాకా పూర్తి సభ్యత్వం ఇవ్వలేదు. అంతవరకు చదువులో ముందున్న ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక బ్యాడ్జీ ఇచ్చి సరిపెట్టేవారు. గౌరవాన్ని పంచే సంఘాలు కూడా న్యాయాన్ని కాలక్రమంలో నేర్చుకోవలసి వచ్చిందని ఈ చరిత్ర చెబుతుంది.

ఒక్కొక్క చదువుకు ఒక్కొక్క సంఘం పుట్టడానికీ కారణముంది. ఫై బీటా కాపా సాహిత్యం, చరిత్ర, శాస్త్రాలు చదివేవారిది. ఇంజనీరింగు విద్యార్థులకు అందులో తావు లేనందున 1885లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో టౌ బీటా పై స్థాపితమైంది. పరిశోధకుల కోసం సిగ్మా జై 1886లో కార్నెల్‌లో ఏర్పడింది. అన్ని శాఖల విద్యార్థులకూ చోటిచ్చే ఫై కాపా ఫై 1897లో మెయిన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఎలక్ట్రికల్ ఇంజనీర్ల ఈటా కాపా న్యూ 1904లో ఇల్లినాయిలో, వాణిజ్య విద్యార్థుల బీటా గామా సిగ్మా 1913లో, కంప్యూటర్ విద్యార్థుల ఉప్సిలాన్ పై ఎప్సిలాన్ 1967లో టెక్సాస్‌లో మొదలయ్యాయి. తెలుగు విద్యార్థులు ఎక్కువగా చేరేవి కంప్యూటరు, ఎలక్ట్రికల్, బిజినెస్ కోర్సులే కనుక చివరి మూడు పేర్లు ఇక్కడి ఇళ్ళలో వినబడే అవకాశం ఎక్కువ.

ఇటువంటి సంఘాలలో ఎంపిక ఎలా జరుగుతుంది? ఏ విద్యార్థి ఎన్ని మార్కులతో ఎన్నో స్థానంలో ఉన్నాడన్న లెక్క విశ్వవిద్యాలయం దగ్గర ఉంటుంది. ఆ లెక్కను బట్టి అర్హుల జాబితా తయారవుతుంది. అక్కడి శాఖలోని అధ్యాపకులో, సభ్యులో దానిని పరిశీలించి ఆహ్వానం పంపుతారు. టౌ బీటా పై నియమం ప్రకారం మూడో సంవత్సరం విద్యార్థులైతే తరగతిలో పై ఎనిమిదో వంతులో, నాలుగో సంవత్సరం వారైతే పై అయిదో వంతులో ఉండాలి. అంటే తరగతిలో 80 మంది ఉంటే మూడో ఏట పది మందికి, నాలుగో ఏట పదహారు మందికి మాత్రమే అర్హత వస్తుంది. మార్కులతోపాటు నడవడిని కూడా చూస్తారు. ఫై కాపా ఫై ఎం.ఎస్. స్థాయి విద్యార్థులలో పై పదో వంతులో ఉన్నవారిని పిలుస్తుంది. ఫై బీటా కాపా శాఖలున్నది అమెరికా ఉన్నత విద్యాసంస్థలలో సుమారు పదింట ఒకదానిలోనే. ఎంపికైనవారికి ఒక సభ జరిపి యోగ్యతాపత్రం ఇస్తారు. పట్టా పుచ్చుకునే రోజున మెడలో రంగు తాడు వేసుకునే మర్యాద కూడా చాలాచోట్ల ఉంది.

రుసుము సంగతి ఇక్కడ స్పష్టంగా చెప్పుకోవాలి. డబ్బు అడిగినంత మాత్రాన ఆ సంఘం నకిలీ కాదు. వందేళ్ళు దాటిన పేరున్న సంఘాలు కూడా చేరిక రుసుము తీసుకుంటాయి. సభ నిర్వహణకు, యోగ్యతాపత్రానికి, ఉపకార వేతనాలకు ఆ సొమ్ము వాడతామని చెబుతాయి. అలాగే డబ్బు పుచ్చుకుని పత్రం ఇచ్చినంత మాత్రాన ఆ సంఘం అసలుదీ కాదు. తేడా ఎంపికలో ఉంది. నిజమైన సంఘంలో ముందు ఎంపిక, తరువాత రుసుము. నకిలీ సంఘంలో రుసుమే ఎంపిక. ఏ విశ్వవిద్యాలయంలోనూ శాఖ లేకుండా, మార్కుల పట్టీ చూడకుండా, దొరికిన ఈమెయిలు చిరునామాలకల్లా "మీరు ఎంపికయ్యారు" అని ఉత్తరం పంపి, డబ్బు కట్టినవారందరినీ ప్రతిభావంతులుగా ప్రకటించే సంస్థకు ఆ దేశంలో చోటు లేకపోలేదు.

ఆ రుసుము విలువ పల్లెలో ఎంతో చూడాలి. చేరికకు నూరు డాలర్లు అనుకుంటే, డాలరు ఎనభై రూపాయలు దాటి చాలాకాలమైంది గనుక, ఎనిమిది వేల పైచిలుకే అవుతుంది. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకం ధాన్యానికి క్వింటాలు 2,369 రూపాయలు. ఆ లెక్కన డెబ్బై అయిదు కిలోల బస్తా 1,777 రూపాయలు. అంటే నూరు డాలర్లకు సుమారు అయిదు బస్తాల ధాన్యం అమ్మాలి. లక్షల అప్పు ముందు అయిదు బస్తాలు ఎంత అనుకునేవారున్నారు. పొలంలో దిగి పండించినవాడికి అయిదు బస్తాలు ఎంతో తెలుసు. నిజమైన గౌరవానికి ఆ ధాన్యం పెట్టడం తప్పు కాదు. వట్టి కాగితానికి ఒక్క గింజ పెట్టడమూ దండగే.

అమెరికా నుంచి వచ్చిన కాగితమైతే చాలు, అందులో మోసముండదనుకునే అమాయకత్వానికి ఇదివరకే పెద్ద మూల్యం చెల్లించవలసి వచ్చింది. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం బాగోతం 2011 జనవరిలో బయటపడినప్పుడు అందులో పేర్లున్న విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారే ఎక్కువ. వీసా పత్రాలు ఇవ్వడమే ఆ సంస్థ ప్రధాన వ్యాపారమని తేలింది. కొందరు విద్యార్థుల కాళ్ళకు నిఘా పరికరాలు తగిలించారు. ఆ దృశ్యం చూసి తెలుగునాట తల్లిదండ్రులు తల్లడిల్లిపోయారు. విశ్వవిద్యాలయమే నకిలీదైనప్పుడు సంఘం నకిలీది కావడంలో వింతేముంది? నష్టం తీరులో తేడా ఉండవచ్చు. చూడకుండా నమ్మడమన్న జబ్బు మాత్రం ఒకటే. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కంటే ముందే నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మేలు. బంగారాన్ని గీటురాయి మీద గీసి చూడనిదే కొనని ఇల్లాళ్ళున్న పల్లెలివి. ఆ జాగ్రత్తనే ఇక్కడా చూపాలి.

మొదటి ప్రశ్న: ఆ సంఘానికి పిల్లవాడు చదివే విశ్వవిద్యాలయంలో శాఖ ఉందా? ఉంటే విశ్వవిద్యాలయం వారి వెబ్‌సైటులోనే దాని పేరుంటుంది. బాధ్యత వహించే అధ్యాపకుడి పేరూ ఉంటుంది. డీన్ కార్యాలయానికి వెళ్ళి అడిగితే నిమిషాల మీద తేలిపోయే సంగతి ఇది. సంఘం పంపిన ఉత్తరంలోని నంబరుకే ఫోను చేసి అడగడం మాత్రం దొంగనే కాపలా పెట్టినట్లవుతుంది.

రెండవది: ఎంపికకు కొలమానం ఏమిటి? తరగతిలో ఎన్నో వంతు వారిని తీసుకుంటారు, మార్కుల లెక్క ఎవరిస్తారు అన్నది రాతపూర్వకంగా చెప్పగలగాలి. కళాశాలల ఆనర్ సొసైటీలకు 1925 నుంచి ఒక ఉమ్మడి సమాఖ్య ఉంది. అందులో సభ్యత్వం కావాలంటే సంఘాలు కొన్ని కనీస ప్రమాణాలు పాటించాలి. అన్ని శాఖల విద్యార్థులనూ చేర్చుకునే సంఘమైతే తరగతిలో పై అయిదో వంతులో ఉన్నవారినే తీసుకోవాలి. ఒకే శాఖకు చెందిన సంఘమైతే నూటికి మొదటి 35 మందిలో ఉన్నవారిని తీసుకోవచ్చు. అయితే ఫై బీటా కాపా వంటి పేరుపొందిన సంఘం ఆ సమాఖ్యకు వెలుపలే ఉంది. కనుక జాబితాలో పేరుండటం మంచి ఆధారమే గాని, లేనంత మాత్రాన నకిలీదని తీర్పు చెప్పనక్కరలేదు.

మూడవది: రుసుము ఒక్కసారా, ఏటేటానా? ఏటేటా అయితే తరువాత కట్టకపోతే ఏమవుతుంది? బ్యాంకు వివరాలు, అమెరికాలో ఇచ్చే గుర్తింపు నంబరు వంటివి అడుగుతున్నారా? అడిగితే అక్కడితో ఆగిపోవాలి. డబ్బుకు నిజంగా ఇబ్బందిగా ఉంటే ఆ సంగతి శాఖ బాధ్యులకు చెప్పుకోవడంలో చిన్నతనం లేదు. కొన్నిచోట్ల శాఖలే విద్యార్థి రుసుమును భరిస్తాయి.

నాలుగవది: ఆ ఉత్తరం ఏమేమి ఆశ చూపుతోంది? ఉద్యోగం ఖాయమని, ఉపకార వేతనం తప్పదని, రెండు రోజుల్లో కట్టకపోతే అవకాశం పోతుందని తొందరపెడితే అనుమానించాలి. గౌరవించదలచినవాడు తలుపు కొడతాడు గాని మెడ మీద కూర్చోడు.

ఆశలలో అతి పెద్దది వీసా. సంఘాలలో సభ్యత్వం ఉంటే అసాధారణ ప్రతిభావంతులకిచ్చే గ్రీన్ కార్డు సులభంగా వస్తుందన్న మాట విద్యార్థుల చెవిన పడుతూ ఉంటుంది. అసాధారణ ప్రతిభకు రుజువుగా చూపదగిన ఆధారాలలో సంఘ సభ్యత్వం కూడా ఒకటన్నది వాస్తవమే. అయితే ఆ రంగంలో గొప్ప కృషి చేసినవారినే నిపుణులు పరిశీలించి చేర్చుకునే సంఘం అయి ఉండాలన్నది నియమం. కేవలం రుసుము కట్టినందుకు గాని, ఫలానా చదువు చదివినందుకు గాని వచ్చిన సభ్యత్వం ఇందుకు పనికిరాదు. తరగతిలో మంచి మార్కులు తెచ్చుకోవడం మెచ్చదగిన విషయమే గాని, దానికీ ఈ గ్రీన్ కార్డుకూ చాలా దూరముంది. ఈ దూరాన్ని దాచిపెట్టి డబ్బు గుంజేవారి మాటలకు విద్యార్థులు లొంగరాదు.

మరి నిజమైన సంఘంలో చేరితే ఒనగూడేదేమిటి? ఉద్యోగ దరఖాస్తులో ఒక మంచి వాక్యం చేరుతుంది. అధ్యాపకులతో, పై తరగతుల వారితో పరిచయం పెరుగుతుంది. కొన్ని ఉపకార వేతనాలకు దరఖాస్తు చేసే అర్హత వస్తుంది. అమెరికా ప్రభుత్వ కొలువులలో కొత్తగా చేరేవారికి గుర్తింపు పొందిన జాతీయ ఆనర్ సొసైటీ సభ్యత్వం ఒక మెట్టు పైన మొదలయ్యే అర్హతనిస్తుంది. కాని ఆ కొలువులు ఇంచుమించు అన్నీ అక్కడి పౌరులకే కనుక భారతీయ విద్యార్థికి దానివల్ల ప్రయోజనం తక్కువ. ప్రైవేటు కంపెనీలు చూసేది పని చేయగల సత్తానే. మార్కులలో ముందున్నవారి పేర్లను విశ్వవిద్యాలయమే ప్రకటించే డీన్స్ లిస్ట్ వంటి గౌరవాలకు పైసా కట్టనక్కరలేదన్నదీ గుర్తుంచుకోవాలి. సంఘంలో చేరలేకపోయినంత మాత్రాన పిల్లవాడి చదువుకు వచ్చిన లోటేమీ లేదు.

ఈ సంఘాలలో నేర్చుకోదగినది మరొకటుంది. నిజమైన శాఖలు పత్రం చేతికిచ్చి ఊరుకోవు. వెనుకబడిన విద్యార్థులకు సభ్యులు ఉచితంగా పాఠాలు చెప్పడం, బడిపిల్లలకు లెక్కలు, సైన్సు నేర్పడం వంటి పనులు చాలా శాఖలలో ఆనవాయితీ. చదువులో ముందున్నవాడు వెనుకనున్నవాడికి చేయి అందించాలన్నదే అందులోని నీతి. గౌరవం బాధ్యతగా మారేది అక్కడే.

ఈ నీతి ఇక్కడ ఎంతమేరకు అమలవుతోంది? గౌరవాల అంగడి అమెరికాకే పరిమితం కాదు. పదో తరగతి ఫలితాలు రాగానే ర్యాంకులను అమ్మకపు సరుకు చేసే ప్రకటనలు, డబ్బు పుచ్చుకుని గౌరవ డాక్టరేట్లు అంటగట్టే ఊరూ పేరూ లేని సంస్థలు తెలుగునాట అందరూ ఎరిగినవే. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ మళ్ళీ మళ్ళీ ప్రకటించవలసి రావడమే ఇందుకు తార్కాణం. ఇక్కడ పరీక్షించి చూడటం అలవాటు లేని కుటుంబం అమెరికా ఉత్తరాన్ని ఎలా పరీక్షించగలదు?

కనుక చేయవలసిన పనులు ఇంటి దగ్గరే మొదలు కావాలి. విదేశాలకు వెళ్ళే విద్యార్థులకు ఇటువంటి ఆహ్వానాల మంచిచెడ్డలు బోధించే బాధ్యతను జిల్లాలోని ఇంజనీరింగు కళాశాలలు, 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం స్వీకరించవచ్చు. ఒక పూట తరగతి చాలు, పెద్ద ఖర్చు లేదు. సెలవులకు ఊరు వచ్చే పూర్వ విద్యార్థులు రచ్చబండ దగ్గర కార్ల గురించి, ఇళ్ళ గురించి చెప్పే కబుర్లతోపాటు ఈ సంగతులు కూడా చెబితే తరువాత వెళ్ళేవారికి మేలు జరుగుతుంది. ఇంగ్లీషు ఉత్తరం చదవలేని తల్లిదండ్రులు సిగ్గుపడకుండా ఊరి ఉపాధ్యాయుడిని అడగాలి. పిల్లలు కూడా "నీకు తెలియదులే నాన్నా" అనకుండా ఓపికగా విడమరిచి చెప్పాలి. డబ్బు పంపేవాడికి అది దేనికో తెలుసుకునే హక్కుంది.

అలాగే ప్రతి పంచాయతీ తన ఉన్నత పాఠశాలలో ఏటా మొదటి స్థానంలో నిలిచిన విద్యార్థుల పేర్లను ఒక బోర్డు మీద రాయించవచ్చు. ఆ పేరు ఎక్కిన విద్యార్థి వేసవిలో కింది తరగతుల పిల్లలకు నెల రోజులు లెక్కలు చెప్పాలన్న నియమం పెట్టవచ్చు. అదే ఆ ఊరి ఆనర్ సొసైటీ అవుతుంది. దానికి గ్రీకు అక్షరాలూ డాలర్లూ అక్కరలేదు.

గౌరవాలకూ ఘనతకూ ఉన్న సంబంధమేమిటో తెలుసుకోవడానికి తెలుగువారికి ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితాన్ని మించిన పాఠం లేదు. పొరుగున ఉన్న పశ్చిమ గోదావరిలోని భీమవరంలో 1895లో పుట్టిన ఆయన 1923లో అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో చేరారు. 1930లో అక్కడే డాక్టరేటు పొందినా ఆ విశ్వవిద్యాలయం ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళి, 1948లో కన్నుమూసేలోగా, ఆయనా ఆయన బృందమూ ఫోలిక్ ఆమ్లం తయారీ మీద, క్యాన్సరుకు, బోదకాలుకు మందుల మీద చేసిన కృషి కోట్ల ప్రాణాలకు ఊపిరి పోసింది. బతికి ఉండగా తగిన గౌరవం దక్కలేదన్న కొరత ఆయన పనికి అడ్డు రాలేదు.

నిజమైన గౌరవం వస్తే విద్యార్థి తల వంచి స్వీకరించాలి. తల్లిదండ్రులు సంతోషంగా నలుగురికీ చెప్పుకోవాలి. అమ్మకానికి వచ్చిన గౌరవాన్ని మాత్రం గుమ్మం అవతలి నుంచే పంపించివేయాలి. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలగడం చదువు నేర్పే మొదటి విద్య. అయిదు బస్తాల ధాన్యం పంపే ముందు ఆ నాలుగు ప్రశ్నలూ అడగడం ప్రతి ఇంటి కర్తవ్యం.